కత్తి లేని కోత

నా బల్ల మీద గోదావరి పాత బ్రిడ్జి ఉంది. మొత్తం కాదు, ఒక్క స్పాన్. రాజమండ్రి నుంచి కొవ్వూరు దాకా అలాంటివి 56 ఉంటే, వాటిలో ఒకటి. 1897లో మొదలుపెట్టి 1900లో రైళ్ళు వదిలిన ఆ వంతెనకి అప్పటి మద్రాసు గవర్నరు హేవలాక్ పేరు పెట్టారు. 1997లో ఆర్చి బ్రిడ్జి వచ్చాక దాని మీద రైళ్ళు ఆపేశారు. చిన్నప్పుడు దాని మీద వెళ్ళిన జ్ఞాపకం లీలగా ఉంది. చక్రాల చప్పుడు ఒక్కసారిగా మారిపోవడం, అమ్మ నా చేతిలో పావలా పెట్టడం, నేను విసిరిన ఆ పావలా నీళ్ళలో పడిందో గడ్డరుకి తగిలిందో తెలియకపోవడం.

ఒక్కో స్పాన్ సుమారు 45.7 మీటర్లు. రైలు బొమ్మలు చేసేవాళ్ళు వాడే ఎన్ స్కేల్లో, అంటే 160వ వంతుకి కుదిస్తే, 28.6 సెంటీమీటర్లు అవుతుంది. నేను సెకండ్ హ్యాండ్‌లో కొన్న లేజర్ కట్టర్ బెడ్ పొడవు 30 సెంటీమీటర్లు. ఎవరో నా కోసమే కొలిచినట్టు సరిగ్గా సరిపోయింది. మొత్తం 56 చేస్తే 16 మీటర్లు. మా ఫ్లాట్లో మొదలుపెడితే లిఫ్ట్ దాటి ఎదురింటి వాళ్ళ హాల్లోకి పోతుంది. అందుకని ఒకటితో ఆగాను.

మొదటి ముక్క కోస్తున్నప్పుడు పెదనాన్న ఇంట్లోనే ఉన్నారు. ఆయన రైల్వేలో బ్రిడ్జి ఖలాసీగా చేశారు. ఆ వంతెన ఆయనకి జ్ఞాపకం కాదు, ఉద్యోగం. నారింజ రంగు అద్దం మూతలోంచి చాలాసేపు చూసి, "బ్లేడేదిరా?" అన్నారు.

బ్లేడు లేదని చెప్పాను. వెలుతురే కోస్తుందన్నాను. "వెలుతురేదీ మరి? కనపడ్డం లేదే" అన్నారు. నిజమే. చెక్క మీద చిన్న నిప్పు చుక్క, సన్నటి పొగ తప్ప అక్కడ ఏమీ కనపడదు. కనపడని వెలుతురు చెక్కనెలా కోస్తుందో, అది ఫ్యాక్టరీల్లోంచి మా ఇంటి బల్ల మీదికెలా వచ్చిందో ఆయనకి చెప్పబోయి, నాకే సరిగ్గా తెలియదని గ్రహించాను. ఈ వ్యాసం ఆ రోజు చెప్పలేకపోయిన జవాబు.

*

లేజర్‌తో కోయడమంటే చాలామందికి ముందు గుర్తొచ్చేది జేమ్స్ బాండ్. 1964లో వచ్చిన 'గోల్డ్‌ఫింగర్'లో హీరోని బంగారు బల్ల మీద కట్టేస్తారు. ఎర్రటి కిరణం ఒకటి లోహాన్ని చీల్చుకుంటూ ఆయన కాళ్ళ మధ్యలోంచి పైకి వస్తూంటుంది. 1959లో వచ్చిన నవలలో ఆ చోట ఉన్నది గుండ్రటి రంపం. నవలకీ సినిమాకీ మధ్య, 1960లో, లేజర్ పుట్టింది. సినిమావాళ్ళు రంపం తీసేసి లేజర్ పెట్టారు.

కానీ ఆ సీన్లో లోహాన్ని కోసింది లేజర్ కాదు. బల్ల కింద ఒక మనిషి కూర్చుని గ్యాస్ కటింగ్ టార్చితో కింద నుంచి కోసుకుంటూ వచ్చాడు. ఎర్ర కిరణాన్ని తరవాత ఫిల్మ్ మీద కలిపారు. పై నుంచి చూస్తే వెలుతురు కోస్తోంది, కింద పాతకాలపు మంటే పని చేస్తోంది. లోహపు పలకని అలా గీత వెంట కోసుకుపోగలిగే లేజర్ అప్పటికి లేదు.

మొదటి లేజర్‌ని 1960 మే 16న కాలిఫోర్నియాలో హ్యూస్ కంపెనీ పరిశోధనాలయంలో థియొడోర్ మైమన్ వెలిగించాడు. అందులో ఉన్నది వేలెడంత కెంపు కడ్డీ, దాని చుట్టూ మెలి తిరిగిన ఫ్లాష్ బల్బు. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా ఒక్క క్షణం ఎర్రటి కాంతి దూసుకొచ్చేది, అంతే. వెనక ఉన్న సూత్రాన్ని ఐన్‌స్టీన్ 1917లోనే చెప్పాడు. శక్తితో ఉన్న అణువు పక్కనుంచి సరైన రంగు కాంతి వెళితే, ఆ అణువు కూడా అచ్చం అలాంటి కాంతినే, అదే దిక్కులో, అదే అడుగుతో వదులుతుంది. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగవుతాయి. అటూ ఇటూ అద్దాలు పెడితే ఆ గుంపు అందులోనే తిరుగుతూ పెరుగుతుంది.

బాగానే ఉంది, దీంతో ఏం చేద్దాం? మొదట్లో ఎవరికీ స్పష్టంగా తెలియదు. సమస్య కోసం వెతుక్కుంటున్న పరిష్కారం ఇది అనే జోకు మైమన్ ల్యాబులోనే పుట్టింది. ఆ రోజుల్లో లేజర్ బలాన్ని 'జిలెట్‌'లలో కొలిచేవారు. అంటే ఒక్క దెబ్బకి ఎన్ని షేవింగ్ బ్లేడ్లకి చిల్లు పెట్టగలదని లెక్క. సరదా కొలతే, కానీ అసలు సంగతి అందులోనే ఉంది. కెంపు లేజర్ చిల్లు పెట్టగలదు, కోయలేదు. చిల్లుకి ఒక్క దెబ్బ చాలు, కోతకి మాత్రం ఆగకుండా వచ్చే ధార కావాలి. అందుకే 1965లో అమెరికాలో వెస్టర్న్ ఎలక్ట్రిక్ వాళ్ళు లేజర్‌ని మొదటిసారి ఉత్పత్తిలోకి దించినప్పుడు దానికిచ్చిన పని కూడా చిల్లులు పెట్టడమే. రాగి తీగని సన్నగా లాగడానికి వాడే వజ్రపు అచ్చులకి చిల్లులు.

*

ఆగని ధార ఇచ్చినవాడి పేరు మన స్కూలు పుస్తకాల్లో నేను చదవలేదు. చంద్రకుమార్ నారన్‌భాయ్ పటేల్. 1938లో పుణే జిల్లా బారామతిలో పుట్టాడు. పుణే ఇంజనీరింగ్ కాలేజీలో చదివి, స్టాన్‌ఫర్డ్‌లో పీహెచ్‌డీ చేసి, 1961లో బెల్ ల్యాబ్స్‌లో చేరాడు. కార్బన్ డయాక్సైడ్ లేజర్‌ని 1964లో లోకానికి చెప్పాడు. అప్పటికి పాతికేళ్ళు దాటాయంతే. బల్ల కింద టార్చి పట్టుకున్న మనిషితో సినిమావాళ్ళు ప్రేక్షకుల్ని నమ్మించిన సంవత్సరమే, నిజంగా కోయగల లేజర్ న్యూజెర్సీలో పుట్టిందన్నమాట.

అది పనిచేసే తీరు నాకెంతో ఇష్టం. ఇందులో మూడు వాయువులు ఉంటాయి. గాజు గొట్టంలో కరెంటు పంపితే ముందు ఉత్సాహపడేది నైట్రోజన్. దాని అణువు వణకడం మొదలుపెడుతుంది. కానీ రెండు వైపులా ఒకే రకం పరమాణువు కాబట్టి, ఆ శక్తిని కాంతిగా బయటికి వదలడం దానికి చేతకాదు. సంపాదించింది ఖర్చు పెట్టడం తెలియని మనిషిలా దాచుకుని తిరుగుతూంటుంది. పక్కనే కార్బన్ డయాక్సైడ్ ఉంటుంది. దాని వణుకుల్లో ఒకదానికి కావలసిన శక్తి, నైట్రోజన్ దాచుకున్న శక్తి, దాదాపు సమానం. రెండూ గుద్దుకున్నప్పుడు సొమ్ము చేతులు మారుతుంది. కార్బన్ డయాక్సైడ్‌కి ఖర్చు పెట్టడం బాగా తెలుసు. 10.6 మైక్రాన్ల తరంగంగా వదిలేస్తుంది. ఖాళీ అయిన అణువుని చల్లబరిచి మళ్ళీ వరసలో నిలబెట్టే పని హీలియంది.

పటేల్ మొదటి ప్రయోగంలో నైట్రోజన్ లేదు. వచ్చిన వెలుతురు మిల్లీవాట్లలో ఉండేది. నైట్రోజన్ కలిపాక, ఆ తరవాత హీలియం కలిపాక, రెండేళ్ళు తిరక్కుండానే అది వంద వాట్లు దాటింది. నిప్పు మీద పోస్తే నిప్పుని ఆర్పే వాయువు, మన ఊపిరిలోంచి వచ్చేది, సోడాలో బుడగలయ్యేది, చివరికి చెక్కని కాల్చే వెలుతురుకి తల్లి అయింది.

పెదనాన్న అడిగిన దానికి జవాబు కూడా ఇక్కడే ఉంది. మన కంటికి కనపడే కాంతి అలలు 0.4 నుంచి 0.7 మైక్రాన్ల దాకా. 10.6 మైక్రాన్లంటే దానికి పదిహేను రెట్లు, ఇరవై రెట్లు పొడుగు. కన్ను చూడదు. మామూలు గాజు దాన్ని పోనివ్వదు, అందుకే లోపలి లెన్స్‌ని జింక్ సెలినైడ్‌తో చేస్తారు. పారదర్శకంగా కనిపించే ఆక్రిలిక్ షీటు దానికి గోడలాంటిది, మొత్తం మింగేస్తుంది. చెక్క, కాగితం, అట్ట, తోలు కూడా అంతే. మెరిసే లోహం మాత్రం చాలా భాగాన్ని వెనక్కి కొట్టేస్తుంది. మా ఇంట్లో మెషీన్ ప్లైవుడ్‌ని సులువుగా కోసి, రేకు మీద గీత కూడా పెట్టలేకపోవడానికి కారణం ఇదే.

*

మరి ఉక్కుని ఎలా కోశారు? ఇది ఇంగ్లండ్ కథ. 1967 మే నెలలో, కేంబ్రిడ్జి దగ్గర వెల్డింగ్ పరిశోధన సంస్థలో పీటర్ హౌల్డ్‌క్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త 300 వాట్ల కార్బన్ డయాక్సైడ్ లేజర్ తీసుకుని ఒక చిన్న మార్పు చేశాడు. లేజర్ దిగే చోటికే సన్నటి నాజిల్లోంచి ఆక్సిజన్ కూడా ఊదాడు. లేజర్ ఉక్కుని వేడి చేస్తే, ఆక్సిజన్ దాన్ని మండించి, కరిగినదాన్ని కిందికి నెట్టేసింది. ఒక మిల్లీమీటర్ ఉక్కు రేకు శుభ్రంగా తెగింది.

ఆయన వెల్డింగ్ లోకం మనిషి. గ్యాస్ కటింగ్‌లో లోహాన్ని కోసేది మంట ఒక్కటే కాదనీ, మంట వెనక వచ్చే ఆక్సిజన్ ధార అనీ ఆ లోకంలో అందరికీ తెలుసు. వెలుతురుని చూసి మురిసిపోకుండా దాన్నొక టార్చిలాగా చూశాడు. సినిమాలో బల్ల కింద దాక్కున్న టార్చి మూడేళ్ళ తరవాత లేజర్ పక్కకే వచ్చి కూర్చుంది.

నా మెషీన్‌లో ఆక్సిజన్ లేదు. ఇంట్లో అలాంటి పని చేస్తే ఇల్లే అంటుకుంటుంది. చేపల తొట్టికి పెట్టేలాంటి ఎయిర్ పంపు, ఒక పైపు, ఒక నాజిల్ ఉన్నాయి. గాలి ఊదితే పొగ పక్కకి పోతుంది, మంట నిలబడదు, లెన్స్‌కి మసి పట్టదు. దాని విలువ నాకు పైపు ఊడిపోయిన రోజు తెలిసింది. నేను ఫోన్ చూసుకుంటున్నాను. మూత లోపల నారింజ రంగు ఎక్కువైందని తల ఎత్తేసరికి ప్లైవుడ్ మీద అరచేయంత మంట ఉంది. ప్లగ్గు పీకి, తడి గుడ్డ వేసి ఆర్పాను. ఆ రోజు నుంచి మెషీన్ నడుస్తున్నంతసేపూ కుర్చీలోంచి లేవను, ఫోన్ ముట్టుకోను. ఈ పనిలో మొదటి నియమం ఇదే, రెండోది కూడా ఇదే.

*

ఇక బొమ్మల సంగతి. పలచటి చెక్కని కోసి బొమ్మలు చేసే సరదాకి పెద్ద చరిత్రే ఉంది. 1895లో ఇంగ్లండ్‌లో 'హాబీస్' అనే పత్రిక మొదలైంది. చదివేవాళ్ళు దాంతో వచ్చే డిజైను కాగితాన్ని పలచటి చెక్క మీద అంటించి, దారమంత సన్నటి రంపంతో గీతల వెంట కోసుకునేవాళ్ళు. ఫొటో ఫ్రేములు, గడియారం పెట్టెలు, చిన్న చిన్న ఇళ్ళు. అప్పట్లో పంపిణీ అయింది డిజైను మాత్రమే. కోత మాత్రం ఎవరి చేతిది వారిదే. ఒకే కాగితం నుంచి వెయ్యి ఇళ్ళల్లో వెయ్యి వంకర్లు తయారయ్యాయి.

తరవాత కిట్లు వచ్చాయి. అమెరికాలో పాల్ గిల్లో 1926లో మొదలుపెట్టిన లాంటి కంపెనీలు బాల్సా చెక్క విమానాల కిట్లు పెట్టెల్లో అమ్మాయి. బిస్కెట్లు కోసే అచ్చులాంటిదే ఇక్కడ కూడా. ఉక్కు పట్టీలతో చేసిన అచ్చుని చెక్క షీటు మీద పెట్టి ప్రెస్సుతో ఒత్తుతారు. అచ్చు కొత్తగా ఉన్నప్పుడు ముక్కలు శుభ్రంగా వస్తాయి. అరిగాక చెక్క తెగదు, నలుగుతుంది. అంచులు చితికిన ముక్కల్ని బ్లేడుతో సరిచేసుకోవడం ఆ కాలపు పిల్లలందరికీ అలవాటే.

అచ్చుతో ఇంకో చిక్కు ఉంది, అది పైకి కనపడదు. అచ్చు చేయించడానికి ముందే బోలెడంత డబ్బు పెట్టాలి. అది తిరిగి రావాలంటే వేల పెట్టెలు అమ్ముడవాలి. కాబట్టి వేలమంది కొనే వస్తువులకే కిట్లు వస్తాయి. ప్రపంచ యుద్ధంలో ఎగిరిన స్పిట్‌ఫైర్‌కి వస్తుంది, పేరున్న అమెరికన్ రైలింజనుకి వస్తుంది. గోదావరి పాత బ్రిడ్జికి రాదు. ఎప్పటికీ రాదు. ఏది గుర్తుంచుకోదగిందో ఏది కాదో అచ్చు ఖర్చే నిర్ణయించేది.

ఇక్కడ చరిత్ర ఒక చమత్కారం చేసింది. 1970ల మొదట్లో బ్రిటన్‌లో లేజర్ కోత పరిశ్రమలోకి వచ్చినప్పుడు, దానికి దొరికిన తొలి పనుల్లో ఒకటి అచ్చులు తయారు చేయడం. అట్టపెట్టెల్ని కోసే అచ్చులకి మందపాటి ప్లైవుడ్ బోర్డులో ఉక్కు పట్టీలు బిగించే సన్నటి గాడులు కావాలి. ఆ పనిని అంతవరకూ నేర్పరి వడ్రంగులు రంపంతో చేసేవాళ్ళు. లేజర్ దాన్ని వేగంగా, తిన్నగా చేసిపెట్టింది. అంటే అచ్చుకి సేవ చేయడానికి వచ్చింది. కొన్నేళ్ళకి అదే లేజర్, అచ్చే అక్కర్లేదని నిరూపించింది. దానికి మొదటి కాపీ అయినా పదివేలో కాపీ అయినా ఖర్చు ఒకటే. ఫైలు మారిస్తే వస్తువు మారుతుంది. పాత బాల్సా కంపెనీలు కూడా క్రమంగా తమ కిట్లని లేజర్‌కి మార్చుకున్నాయి.

హాబీస్ పత్రిక కాలంలోలాగా ఇప్పుడు మళ్ళీ డిజైను మాత్రమే ఊళ్ళు తిరుగుతోంది. తేడా ఏమిటంటే, ఈసారి వెయ్యి ఇళ్ళల్లోనూ కోత ఒకేలా ఉంటుంది.

*

ఫ్యాక్టరీలోంచి బల్ల మీదికి రావడానికి ఇంకో ముప్ఫై ఏళ్ళు పట్టింది. మధ్యలో మజిలీ షీల్డులు, నేమ్‌ప్లేట్లు చేసే షాపులు. 1988లో అమెరికాలో ఎపిలాగ్, యూనివర్సల్ అనే రెండు కంపెనీలు మొదలయ్యాయి. కంప్యూటర్లోంచి కాగితానికి ప్రింటు ఇచ్చినట్టు చెక్కకి ప్రింటు ఇవ్వచ్చన్న ఆలోచన వీళ్ళ మెషీన్లతో అలవాటైంది. వాటి ధర మాత్రం షాపు పెట్టుకునేవాడికే అందేది.

ధర పడగొట్టింది చైనా. హాబీ లోకమంతా కే40 అని పిలిచే నీలం తెలుపు డబ్బా అక్కణ్ణించే వచ్చింది. నలభై వాట్లని రాసి ఉండే గాజు గొట్టం, చుట్టూ తిరిగే నీళ్ళు, 30 బై 20 సెంటీమీటర్ల బెడ్. నాదీ అదే జాతి. దాని గురించి మంచి మాటలు చెప్పడం కష్టం. అద్దాలు వంకరగా వస్తాయి. కొన్నింటికి మూత తెరిస్తే ఆగే స్విచ్చి కూడా ఉండదు. గొట్టానికి పదిహేను, ఇరవై వేల వోల్టులు వెళుతూంటే, ఎర్త్ వైరు సరిగ్గా ఉందో లేదో మనమే చూసుకోవాలి. అయినా ఒక తరానికి లేజర్ నేర్పింది అదే. పాడైనప్పుడల్లా విప్పాల్సి వచ్చింది కాబట్టి నేర్పింది.

మూడో దారి జపాన్ నుంచి వచ్చింది. షుజి నకమురా నిచియా కంపెనీలో నీలం ఎల్ఈడీ తరవాత నీలి ఊదా లేజర్ డయోడ్‌ని కూడా సాధించి 1996లో ప్రచురించాడు. నీలం ఎల్ఈడీకి 2014లో మరో ఇద్దరితో కలిసి నోబెల్ వచ్చింది. ఆ వంశపు డయోడ్లే ప్రొజెక్టర్లలోకి వెళ్ళి, అక్కణ్ణించి హాబీవాళ్ళ చేతిలో పడ్డాయి. గాజు గొట్టం లేదు, నీళ్ళు లేవు, వేల వోల్టులు లేవు. చవకైన చిప్పుతో మోటార్లని నడిపే గ్రబుల్ అనే ప్రోగ్రాముని 2009లో ఒక నార్వే ప్రోగ్రామర్ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. ఇవాళ చాలామంది బల్ల మీద ఉన్నది ఈ రెండిటి సంతానమే. అయితే నీలం వెలుతురు కంటికి కనపడుతుంది, కంటి లోపలికి సూటిగా పోయి రెటీనా మీద కేంద్రీకరిస్తుంది. సరైన కళ్ళజోడు లేకుండా దాని దగ్గరికి వెళ్ళకూడదు. గాజులాంటి ఆక్రిలిక్‌లోంచి అది కిటికీలోంచి ఎండ వచ్చినట్టు దూరిపోతుంది, కోయదు.

2015లో గ్లోఫోర్జ్ అనే అమెరికన్ కంపెనీ ముప్ఫై రోజుల్లో 27.9 మిలియన్ డాలర్ల ముందస్తు ఆర్డర్లు తెచ్చుకుంది. అందమైన మెషీన్. కానీ మన డ్రాయింగ్ ముందు ఇంటర్నెట్ మీద కంపెనీ సర్వర్‌కి వెళ్ళి, అక్కడ లెక్కలయ్యాక వెనక్కి వస్తేనే పని మొదలవుతుంది. నా బల్ల మీద నా చెక్క, మధ్యలో ఇంకెవరిదో అనుమతి. అచ్చు పోయిందని సంబరపడే లోపే దాని పెత్తనం వేరే రూపంలో వచ్చిందేమో అనిపిస్తుంది.

దీనికి ఎదురుగా ఇంకో చిన్న కథ ఉంది. ఊళ్ళల్లో జనం తమకి కావలసినవి తామే చేసుకోవాలని, లేజర్ కట్టర్ లాంటి మెషీన్లతో ఎమ్ఐటీ ప్రొఫెసర్ నీల్ గెర్షెన్‌ఫెల్డ్ 'ఫ్యాబ్ ల్యాబ్' అనే ఆలోచన తెచ్చాడు. ఎమ్ఐటీ బయట అది వేళ్ళూనుకున్న తొలి చోట్లలో ఒకటి మన దేశంలోనే ఉంది. పాబళ్ అనే పల్లెటూళ్ళోని విజ్ఞాన్ ఆశ్రమం, 2002. పాబళ్ ఉన్నది పుణే జిల్లాలో. బారామతి ఉన్నదీ పుణే జిల్లాలోనే. పటేల్ పుట్టిన జిల్లాకి ఆయన వెలుతురు అలా తిరిగొచ్చింది. మన హైదరాబాద్‌లో టీ-వర్క్స్ 2023 మార్చిలో తలుపులు తెరిచింది. సొంత మెషీన్ లేనివాళ్ళకి ఇలాంటి చోట్లే దిక్కు. నిజానికి నా మంట అనుభవం తరవాత, ముందు నలుగురి మధ్యా నేర్చుకుని అప్పుడు ఇంటికి తెచ్చుకుని ఉంటే బావుండేదనిపించింది.

*

ఇంత చరిత్ర ఉన్నా, చివరికి పని చెక్క దగ్గరే తేలుతుంది. షాపువాడు గట్టిదని మెచ్చుకుని ఇచ్చిన మెరైన్ ప్లై నా లేజర్‌కి లొంగలేదు. నీళ్ళకి ఊడకుండా వేసిన జిగురు బొగ్గయి అడ్డం పడుతుంది. చవక ప్లైలో పొరల మధ్య ఖాళీలుంటాయి, అక్కడ కోత దారి తప్పుతుంది. పీవీసీ, రెక్సిన్ లాంటివి అసలు పెట్టకూడదు. వాటిలోంచి వచ్చే క్లోరిన్ ఆవిరి మెషీన్‌కి తుప్పు, మన ఊపిరితిత్తులకి విషం.

ఇంకో పాఠం కెర్ఫ్. కోత అంటే గీత కాదు, కాలిపోయిన చెక్క. నా మెషీన్‌లో దాని మందం 0.2 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. డ్రాయింగులో నాలుకకీ గాడికీ ఒకే కొలత ఇస్తే అతుకు వదులవుతుంది. పోయేదాన్ని ముందే లెక్కలో కలుపుకోవాలి. మొదటి బ్రిడ్జి ముక్కలు నా చేతిలోనే గలగలమన్నాయి. రెండోసారి సరిపోయాయి.

పూర్తయిన స్పాన్ పెదనాన్న ముందు పెట్టాను. కళ్ళజోడు సవరించుకుని, అటూ ఇటూ తిప్పి చూశారు. బావుందనలేదు, బాలేదనలేదు. "రివెట్లేవిరా?" అన్నారు.

రివెట్లు లేవు. నేను పాత ఫొటోలు చూసి గీశాను, ఫొటోల్లో ఆకారం దొరికింది. ఆయన ఆ వంతెనని ఆకారంగా ఎప్పుడూ చూడలేదట. ఆయనకది రివెట్ల వరస. ఒక పక్క రివెట్ తల మీద వేలు ఆనించి, రెండో పక్క చిన్న సుత్తితో కొడితే, వదులుగా ఉన్నది వేలికి తెలుస్తుంది. "చెవికి కాదు, వేలికి" అని రెండుసార్లు చెప్పారు. కింద గోదావరి పోతూ ఉంటే రోజుకి కొన్ని వందలు అలా తట్టుకుంటూ వెళ్ళేవారట.

లెక్కేశాను. రివెట్ తల 35 మిల్లీమీటర్లనుకుంటే, 160వ వంతుకి 0.22. సరిగ్గా నా లేజర్ పెట్టే ఒక్క చుక్క. సంతోషంగా చుక్కలు కొట్టాను. చూస్తే అన్నీ గుంటలు. లేజర్ తీసేయగలదు, పెట్టలేదు. రివెట్ పైకి ఉబ్బి ఉండాలి.

చివరికి పాత పద్ధతే పట్టాను. లేజర్ రాకముందు అట్టతో బొమ్మలు చేసేవాళ్ళు చేసిందే. పలచటి కార్డు పట్టీలని లేజర్‌తో కోసి, వాటి వెనక వైపు రివెట్లు రావలసిన చోటల్లా లేత గుర్తు పెట్టించాను. ఆ గుర్తు మీద మొద్దు సూదితో వెనక నుంచి నొక్కితే ముందు వైపు చిన్న బొడిపె లేస్తుంది. ఆ పట్టీలని ప్లైవుడ్ చట్రం మీద అంటించాలి. నొక్కడం మాత్రం చేత్తోనే, ఒక్కొక్కటీ.

తోలుబొమ్మలు చేసేవాళ్ళు నగలకీ బట్టలకీ వందల చిల్లులు చేత్తో పొడుస్తారు, తెర వెనక దీపం వెలుతురు ఆ చిల్లుల్లోంచి రావాలని. మన దగ్గర వెలుతురు కోసం చెయ్యి చిల్లు పెట్టేది, ఇప్పుడు వెలుతురే చిల్లు పెడుతోంది. ఈ మార్పులో చెయ్యి ఎక్కడికి పోయిందన్న బెంగ నాకు ఉండేది. పూర్తిగా తీరిందనను. చేత్తో చేసిందే గొప్పదని కూడా అనను. సన్నటి రంపంతో ఈ బ్రిడ్జిని నేను జన్మలో కోయలేను. లేజర్ లేకపోతే నా దగ్గర ఏ బ్రిడ్జీ లేదు, లెక్కించడానికి రివెట్లూ లేవు.

నాలుగు ఆదివారాలు పట్టింది. సూది నేను పడతానన్నా పెదనాన్న ఇవ్వలేదు. భూతద్దం స్టాండు ముందు కూర్చుని, పట్టీ తరవాత పట్టీ, ఏమీ మాట్లాడకుండా నొక్కుకుంటూ వెళ్ళారు. అన్నీ అంటించాక, చూపుడు వేలు ఒక వరస మీద ఆనించి మెల్లగా జరుపుతూ, ఒక చోట ఆగారు.

"ఇది లూజుగా ఉంది, చూడు" అన్నారు.

చూశాను. నిజంగానే అక్కడ జిగురు అంటలేదు.